15 కిలోల చదువు

మొన్న శంషాబాద్ విమానాశ్రయంలో మా అన్నయ్య కూతురి పెట్టె 18 కిలోలు తూగింది. అనుమతి 15 కిలోలే. అమ్మాయి ఢిల్లీలో డాక్టరీ మూడో ఏడు. సెలవులయ్యాయి, మళ్ళీ వార్డు పోస్టింగులకి వెళుతోంది. పెట్టె విప్పితే ఏమున్నాయి? ఆవకాయ జాడీ, హారిసన్ రెండు సంపుటాలు, హచిసన్ క్లినికల్ మెథడ్స్, వాటి మధ్య బక్కచిక్కిన గైడు ఒకటి.

"ఏది తియ్యను బాబాయ్?" అంది.

"ఆ గైడు తీసెయ్" అన్నాను, పెద్దవాణ్ణి గనక.

"దాని బరువు పావుకిలో లేదు. పైగా పరీక్ష గట్టెక్కించేది అదే!" అని నవ్వింది.

నిజమే. మనమూ గైడులు చదివి గట్టెక్కినవాళ్ళమే, ఇప్పుడు కూర్చుని వాటిని తిడుతూంటాం. తెల్లారితే వార్డులో నిలబడాల్సిన పిల్ల అర్ధరాత్రి వేల పేజీల గ్రంథం తిరగెయ్యగలదా? ఏం అడగాలో, ఏది ముందు చూడాలో చెప్పే చిన్న పుస్తకం ఉంటే రోగికీ మేలే. తడుముకునే చేతులకంటే దారి తెలిసిన చేతులు నయం గదా.

మరి చిక్కెక్కడ? పిల్లే చెప్పింది.

"ఒక ముసలావిడ పొట్ట ఆరుగురం వరసగా నొక్కాం బాబాయ్. నొక్కేటప్పుడు రోగి మొహం చూడాలని గైడులోనూ ఉంది, పెద్ద పుస్తకంలోనూ ఉంది. నాకు నోటికొచ్చు. కానీ ఆవిడ కళ్ళలో నీళ్ళు నేను చూసింది చెయ్యి తీశాకే."

నాకు మాట రాలేదు.

విమానాలు 2008 మార్చిలో బేగంపేట వదిలి శంషాబాద్ వచ్చాయి. ఆ బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. హచిసన్ పుస్తకం మొదట అచ్చయిందీ ఆ ఏడే. దోమల్లో వెతకమని దారి చూపినవాడు మాన్సన్. అయినా సూక్ష్మదర్శినికి కన్ను ఆనించాల్సింది రాసే. ఆ దోమలకి తన రక్తం ఇచ్చినవాడు హుసేన్ ఖాన్ అనే రోగి. దోమకి ఒక అణా చొప్పున ముట్టిందట.

ఆ ముసలావిడకి అణా కూడా ముట్టలేదు. ఆరుగురికి పాఠమైంది. హారిసన్‌కి డబ్బిచ్చి కొంటాం, గైడుకీ డబ్బిచ్చి కొంటాం. వెల కట్టకుండా తెరిచి చదివేది ఈ పుస్తకాన్నొక్కదాన్నే. ఏ పుస్తకం ఎంచుకోవాలన్న ప్రశ్న వెనకాల ఎవరికోసం చదువుతున్నామన్న ప్రశ్న ఉందన్నమాట. పరీక్షకుడి కోసమే అయితే గైడు చాలు. ఆవిడ కోసమైతే రెండూ చదివినా బాకీ తీరదు.

చివరికి హారిసన్ ఇంటికొచ్చింది, లైబ్రరీలో ఎలాగూ ఉందట. ఆవకాయ, హచిసన్ ప్రయాణమయ్యాయి. గైడు కోటు జేబులోకి వెళ్ళింది.

రెండు సంపుటాలు ఒళ్ళో పెట్టుకుని పుష్పక్ బస్సెక్కాను. రేపు ఆ మంచం మీద పడుకునేది నేనే కావచ్చు. వచ్చిన డాక్టరు ఏ పుస్తకం చదివి వచ్చిందో అడిగే ఓపిక నాకుండదు. చెయ్యి వేసినప్పుడు ఒక్కసారి నా మొహంకేసి చూస్తే, ఏదో మంచి పుస్తకమే చదివిందనుకుంటాను.