కథకుని బహుమానము - మనుష్యఋణము

ఒక ప్రాంతపు జీవనమును కథగా వ్రాసిన గ్రంథమునకు బహుమానము వచ్చినదని పత్రికలలో ప్రకటింపబడినప్పుడు మనము సాధారణముగా అడుగు ప్రశ్నలు రెండే. ఎవరికి వచ్చినది? ఎంత వచ్చినది? ఈ రెంటికంటెను ముఖ్యమైన మూడవ ప్రశ్న యొకటి కలదు. ఆ బహుమానము ఎవరిది? గ్రంథకర్త పేరు బహుమానపత్రముపై నుండును గనుక ఈ ప్రశ్నకు తావే లేదని కొంద రనవచ్చును. కాని నిదానించి చూచినచో ఇందొక ధర్మసూక్ష్మ మున్నదని తోచకపోదు.

ప్రాంతీయ కథ యన నేమి? ఎక్కడ జరిగినను భేదము లేని కథ కాదు. ఒక చోటి నేల, ఆ నేలమీది పంటలు, అచ్చటివారి మాటతీరు, పెండ్లి పేరంటములు, కూలినాలి, తగవులు, అప్పులు - ఇవి లేనిచో నిలువజాలని కథ. వీనిలో నేదియు కథకుడు సృజించినది కాదు. ఒక ముసలమ్మ పలికిన సామెతయు, ఒక పాలేరు పడిన అవమానమును అతనికి వెల లేకుండ లభించినవి. ఒకరి పొలములోని గింజలతో వండిన అన్నమును పదిమందియు మెచ్చుకొన్నప్పుడు వంటవాని నేర్పును పొగడుట న్యాయమే. గింజ లిచ్చినవానిని మరచుట న్యాయమగునా?

కథకుని పక్షమున చెప్పదగినది చాల కలదు. అందరును వినిన మాటలనే అతడును వినెను. అందరును చూచిన బాధనే అతడును చూచెను. దానికి రూప మిచ్చుటకై రాత్రులు మేలుకొన్నవాడు మాత్రము అతడొక్కడే. కనుక బహుమానము శ్రమకు తగిన కూలి యనుట తప్పు కాదు. స్వీడను దేశపు సెల్మా లాగెర్లోఫ్ చరిత్ర ఈ పక్షమునకు మంచి యుదాహరణము. ఆమె లాండ్స్‌క్రోనా పట్టణమున బాలికల పాఠశాలలో ఉపాధ్యాయిని. తన జన్మభూమియైన వెర్మ్‌లాండు సీమ గాథలను కథగా అల్లుచు, 1890లో ఇదున్ అను పత్రిక నడపిన పోటీకి అయిదు ప్రకరణములు పంపి బహుమానమును గెలుచుకొనెను. ఆ గెలుపువలనను, ఒక మిత్రురాలి సహాయమువలనను బడికి సెలవు పెట్టి గ్రంథమును ముగింప గలిగెను. 1891లో వెలువడిన “యోస్తా బెర్లింగ్ గాథ” ఆ గ్రంథమే. 1909లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చినది. సాహిత్యమున దానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే. తండ్రి మరణానంతరము అన్యాక్రాంతమైన మోర్బాకా గృహమును ఆమె 1907లో మరల కొని, పిదప నోబెల్ ధనముతో అచ్చటి భూములనుగూడ తిరిగి సంపాదించెను. బడిలో పాఠములు చెప్పుచు రాత్రి దీపమునొద్ద వ్రాసికొనుటలోని బరువు నెరిగిన వారెవరును ఆమె పొందిన విరామమును గాని, ఇంటిని గాని తప్పుపట్టజాలరు.

ఇక రెండవ పక్షము. కథ ప్రజలది గనుక బహుమానమును ప్రజలదే. కావున కథకుడు వారి మెప్పునకు లోబడి వ్రాయవలె ననుట. వినుటకు ధర్మముగానే యుండును గాని ఇందొక అపాయము కలదు. ఇటలీ దేశపు సార్దీనియా ద్వీపమున, నువోరో అను ఊరిలో 1871లో పుట్టిన గ్రాట్సియా దెలెద్దాకు ప్రాథమిక తరగతులతోనే బడిచదువు ముగిసినది. ఆమె తన ద్వీపపు గొఱ్ఱెల కాపరులను, పాత పగలను, పాపభీతిని కథలుగా వ్రాసెను. 1926వ సంవత్సరపు నోబెల్ బహుమానము 1927లో ఆమెకు ఈయబడినది. లోకము మెచ్చిన యీ కథలను తొలుత నువోరోవారు మెచ్చలేదు. ఇంటిగుట్టు వీధిలో పెట్టినదని కినిసిరి. ఆమె వారి మెప్పునకై వ్రాసియుండినచో ఆ ద్వీపపు నిజము ద్వీపముననే అణగిపోయెడిది. తమ్ము పొగడించుకొను హక్కు ప్రజలకు కలదందుమా? అట్లయినచో కృతిభర్తను పొగడిన పూర్వకవికిని నేటి కథకునకును భేదమేమి? భర్త మారెను గాని పొగడ్త మారలేదు.

కూలి యనినచో సొమ్ము చేతబడిన దినముననే సంబంధము తీరిపోవును. మెప్పే ప్రధానమనినచో నిజము చచ్చును. ఈ రెంటికిని బదులుగా మన పెద్దలు వాడిన మాట యొకటి కలదు, అది ఋణము. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడింటిని అందరు నెరుగుదురు. శతపథ బ్రాహ్మణము మనుష్యఋణమను నాలుగవదానినిగూడ చెప్పినది. మనుష్యులకు ఆశ్రయమును అన్నమును ఇచ్చుటచే ఆ ఋణము తీరునని అందు కలదు. ఋణము తీర్చువాడు ఋణదాతకు ముఖప్రీతి మాటలు చెప్పనక్కరలేదు. తీసికొన్నదానిని చెడగొట్టక తిరిగి యిచ్చిన చాలును. కథకుడు ప్రజలనుండి తీసికొన్నది నిజము. కావున తిరిగి యీయవలసినదియు ముందుగా నిజమే. దెలెద్దా తన ఊరివారి కోపమునకు గురియైనను ఆ ఋణమును ఎగవేయలేదు.

ఈ ధర్మమును ఇంకను ముందునకు నడిపించిన తెలుగు కథకులు కాళీపట్నము రామారావుగారు (1924-2021). ఉత్తరాంధ్రమువారు, విశాఖపట్టణమున ఉపాధ్యాయులుగా జీవితము గడపినవారు. 1966లో వెలువడిన వారి “యజ్ఞము” కథకు వస్తువు ఋణమే. ఒక పల్లెలో అప్పలరాముడను పేదవాని పాత బాకీ తగవునకు వచ్చును. పెద్దమనుష్యులు శాంతముగా, శాస్త్రీయముగా, తీర్చవలసినదే యని తేల్చుదురు. ఆ బాకీ తరతరముల దాస్య మగునని తలచి అతని కుమారుడు తన పసిబిడ్డను తానే చంపివేయును. ఆ కథపై, ఆ ముగింపుపై తెలుగునాట పెద్ద చర్చలు జరిగినవి. అందు పెద్దలకు గాని పేదలకు గాని పొగడ్త లేదు. 1954లో ఏర్పడిన సాహిత్య అకాడమీ 1995లో వారి “యజ్ఞంతో తొమ్మిది” సంపుటమునకు బహుమాన మిచ్చెను. రామారావుగారు తమకు వచ్చిన బహుమానముల సొమ్మును వినియోగించి 1997లో శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించిరి. అది తమ గ్రంథములకు కట్టిన గుడి కాదు. ఎక్కడెక్కడివారో వ్రాసిన తెలుగు కథలను, అవి తొలుత అచ్చయిన పాత పత్రికలతో సహా వెదకి చేర్చి భద్రపరచిన ఇల్లు. చెదలు తినవలసిన కథలకు ఆశ్రయమిచ్చుట మనుష్యఋణమును తీర్చుట కాదా?

అయినను ప్రతి కథకుడును బహుమానపు సొమ్మును దానము చేయవలెనని శాసింపరాదు. అద్దె కట్టవలసినవాడును, బిడ్డను చదివింపవలసినవాడును కథకులలో పెక్కుమంది కలరు. వారిని నిలబెట్టి ప్రజలకేమి యిచ్చితివని నిలదీసినచో మనమే “యజ్ఞము”లోని తీర్పరుల మగుదుము. తానై యెరిగి తీర్చునది ధర్మము; మెడపై కూర్చుండి రాబట్టునది వేరు.

ఇచ్చువారికిని ఋణము కలదు. వింత మాండలికము, ఎరుగని ఆచారము కనబడగానే ముచ్చటపడి బహుమాన మిచ్చు పరీక్షకులు ఆ ప్రాంతమును సంతలోని బొమ్మగా చూచుచున్నారు. వారు వేసికొనవలసిన ప్రశ్న వేరు. ఈ గ్రంథమును ఆ ఊరివారి నడుమ బిగ్గరగా చదివినచో వారికి కోపము వచ్చిన రానిండు. ఇది అబద్ధమని వారనగలరా? ఈ పరీక్షకు నిలిచినదానికే బహుమానము తగును. ఇచ్చిన పిదప ఆ గ్రంథము ఆ ఊరి బడికి చేరినదా యని విచారించుటయు వారి పనియే.

ఇక చదువరుల మాట. బహుమానగ్రంథమును కొని బీరువాలో నుంచు గృహస్థులము మనము. అప్పలరామునికై మధ్యాహ్నము కన్నీరు కార్చి, సాయంకాలము మన యింటి పనిమనిషి వైద్యమునకై తీసికొన్న సొమ్మును నెలజీతమున ఎంతెంత కోయవలెనో లెక్క వేయుదుము. కథకుడు తాను తీసికొన్న నిజమును మన చేతిలో పెట్టి తన వంతు తీర్చుకొనెను. ఆ నిజమిప్పుడు మన పద్దున చేరినది. దానిని తీర్చుట ఆ లెక్కపుస్తకమును తెరచునప్పుడే మొదలు కావలెను.