ఎవరి బాకీ తీర్చను?

"ఇంకా ఎందుకయ్యా నీకు చదువు? ఉద్యోగం వచ్చింది గదా. ప్రమోషనంటావా, నీకు రోస్టరు ఉండనే ఉంది."

నేను ఎం.ఏ.కి కడతానన్న రోజు స్టాఫ్ రూములో ఒక పెద్దాయన అన్నమాట ఇది. ఆయన చెడ్డవాడేం కాదు. మా పాప పుట్టినరోజుకి ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. ఆయన రెండు ఎం.ఏ.లు చేశాడు, ఎం.ఎడ్. చేశాడు. ఎందుకని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆయన చదివితే జిజ్ఞాస. నేను చదివితే ఆశ.

రోస్టరు వరస చూపిస్తుందిగాని అర్హత ఇవ్వదని నేను చెప్పలేకపోయాను. ప్రమోషన్లలో మాకు రిజర్వేషన్ ఇచ్చే వీలు 1995లో 77వ రాజ్యాంగ సవరణతో వచ్చింది. ఆ వరసలో నిలబడాలన్నా డిగ్రీ, బి.ఎడ్., దానికి తగ్గ సబ్జెక్టు అందరితో పాటు నేనూ తెచ్చుకోవాల్సిందే. ఇవన్నీ రాత్రి మంచం మీద పడుకున్నాక గుర్తొచ్చాయి. మనకి జవాబులెప్పుడూ రాత్రిళ్లే గదా వచ్చేది!

కోపంతో చదివేది చదువేనా? అప్పటినించీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆయనకి చూపించడానికి ఒక పట్టా తెచ్చుకుంటే అది ఆయన కోసం చదివినట్టే గదా.

మా అమ్మకి వేలిముద్రే. మిరప కోతలకి పోయొచ్చి, మండే చేతుల్ని మజ్జిగలో ముంచుకుని కూచునేది. ఆ కూలి డబ్బుల్తోనే నా డి.ఎడ్. అయింది. డిగ్రీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేశాను. 1982లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయానికి 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. వారమంతా పని, ఆదివారం క్లాసు. ఆ తర్వాత బి.ఎడ్. "ఇంకా ఎన్ని మెట్లురా నాయనా ఈ చదువుకి?" అని అడిగింది అమ్మ. మెట్లు చాలా ఉన్నాయి. తెలుగు ఎం.ఏ. చేస్తే జూనియర్ కాలేజీ లెక్చరర్ పోస్టుకి పోటీ పడొచ్చు. ఎం.ఎడ్. చేస్తే టీచర్లకి పాఠం చెప్పే చోటికి దారి. కానీ 2015 నుంచి ఎం.ఎడ్. రెండేళ్లయింది. రెండేళ్లు బడి వదిలి కూచుంటే ఇల్లెట్టా గడుస్తుంది? ఇంగ్లీషు ఎం.ఏ. అయితే ఇప్పటి రోజుల్లో గిరాకీ. నేను తెలుగే ఎంచుకున్నాను. నా కాలేజీలో నాకు తెలుగు చెప్పినవాళ్లలో మా వాడ మనిషి ఒక్కడు లేడు. ఆ కుర్చీలో ఒకసారి కూచోవాలని ఉండేది. ఇప్పటికీ ఉంది. దాచుకోను.

అప్పుడే నా నాలుగో తరగతిలో ఒక యానాది పిల్లాడి సంగతి వచ్చింది. వాడికి 'డ'కీ 'ద'కీ తేడా నిలవదు. రాసిన మాటే మళ్లీ రాయమంటే మరోరకంగా రాస్తాడు. చెరువు చేపలు అమ్మితే ఎంతొస్తుందో మాత్రం నేను పలక తీసేలోపు నోటితో చెప్పేస్తాడు. తనిఖీకొచ్చినాయన వాడి నోటుబుక్కు తిప్పి నా వైపు చూశాడు. నేను ఏమన్నానంటే, "వాళ్లంతే సార్. వాళ్లకి చదువెక్కదు."

ఆ మాట నాకు కొత్తది కాదు. అయిదో తరగతిలో ఒక మాస్టారు నా గురించే అన్నాడు, "మాదిగోళ్లకి లెక్కలెక్కవురా" అని. ఇరవై ఏళ్లకి పైగా ఆ మాట మీద పగతోనే చదివాను. తీరా రెండు మెట్లెక్కేసరికి, ఆ మాటే నా నోట్లోంచి నాకంటే కింద ఉన్న పిల్లాడి మీద పడింది. పట్టాలు నాకు ఏం నేర్పినట్టు?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చదవడం, రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బంది అందులో ఒకటి. వాడికి అది ఉందో లేదో తేల్చే చదువు నాకు లేదు. ఆ చదువు ఉంది. ప్రత్యేక విద్యలో బి.ఎడ్. అంటారు. 1992 చట్టం కింద ఏర్పడిన పునరావాస మండలి గుర్తింపు దానికి ఉండాలి. అది చేస్తే నేను లెక్చరర్ని కాను. ఆ కుర్చీ ఇంకా దూరం పోతుంది.

ఇక్కడే నాకు రెండో కోపం. అంబేద్కర్ 1956 మార్చి 18న ఆగ్రాలో చదువుకున్నవాళ్లు తనని మోసం చేశారని బాధపడ్డాడు. ఆ మాట మన సభల్లో ఎన్నిసార్లు విన్నామో. విన్నప్పుడల్లా తల దించుకున్నాను. కానీ ఆ పెద్దాయన రెండు ఎం.ఏ.లకి ఏ బాకీ లేదే! ఆయన్ని వాళ్ల వీధికి ఏం తిరిగిచ్చావని అడిగే సభ ఎక్కడుంది? అంబేద్కర్ కొలంబియాలో 1915లో ఎం.ఏ. చేశాడు, లండన్‌లో 1923లో డి.ఎస్‌సి. తీసుకున్నాడు. ఆర్థికశాస్త్రం ఆయనకి ఇష్టం గూడా. నాకూ ఒక ఇష్టం ఉండగూడదా? మా పిల్లలు కాలేజీకి పోయినప్పుడు అక్కడ మా మనిషి కనపడటం గూడా తిరిగివ్వడమే గదా? ఒక మిత్రుడితో దీని గురించి తెల్లారిందాకా వాదించాను. ఎవరం గెలవలేదు.

చివరికి ఈ ఏటికి ఎం.ఏ. పక్కన పెట్టి ప్రత్యేక విద్యకి దరఖాస్తు పెట్టాను. గొప్పకి చెప్పడం లేదు. తనిఖీ రోజు వాడు నా మాట విన్నాడు, నా మొహం చూశాడు. రోజూ వాడెదురుగ్గా నిలబడాలి నేను.

అమ్మకి చెప్పాను.

"జీతం పెరుగుద్దా?"

"పెరగదమ్మా."

కాసేపు ఊరుకుంది. "మరి ఆ పిలగాడి తల్లికి చెప్పావా?" అంది.

చెప్పలేదు. వాళ్ల గుడిసెలు చెరువుకట్ట అవతల. ఆరేళ్లుగా ఆ బళ్లో పనిచేస్తన్నా, ఆ కట్ట దిగి అవతలికి నేనెప్పుడూ పోలేదు.