చచ్చినోడు బతికే ఆట

అనగనగా పెన్నకు దక్షిణాన ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక హైస్కూలు. హైస్కూలు వెనక ఒక వేపచెట్టు, చెట్టు ముందర చదును చేసిన ఎర్రనేల. ఏటా వానాకాలం మొదట్లో ఆ నేల మీద సున్నంతో గీతలు పడేవి. గీతలు పడ్డాయంటే మండలం ఆటలకు కబడ్డీ జట్టును ఎంచబోతున్నారని ఊరంతటికీ తెలిసిపోయేది.

ఆ ఏడు నలభై ఒక్కమంది వచ్చారు. తొడలు కొట్టారు, ఎగిరారు, దుమ్ము లేపారు. డ్రిల్లు సారు చెడ్డవాడు కాదు. ఒక్కొక్కరినీ రెండేసి కూతలకు పంపి, పట్లు చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. పొద్దు వాలేసరికి అందరినీ చెట్టు కింద కూర్చోబెట్టి పన్నెండు పేర్లు చదివాడు. పన్నెండో పేరు అయ్యాక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మిగతావాళ్లు ఇళ్లకు పొండి. రేపటినుంచి జట్టువాళ్లు తప్ప ఎవరూ గ్రౌండులో కాలు పెట్టకూడదు. గీతలు చెరిగిపోతాయి."

ఆ మిగతావాళ్లలో తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఉన్నాడు. సన్నటి కాళ్లు, అన్న తొడిగి వదిలేసిన నిక్కరు. చీలమండ పట్టుకున్నాడంటే ఎంతటివాడైనా కదలలేడు. కానీ ఆ రోజు కూతకు వెళ్లిన రెండుసార్లూ దొరికిపోయాడు. తన పేరు పదమూడోది అయివుంటుందని వాడు అనుకున్నాడు. సారు దగ్గరికి వెళ్లి అడగాలనీ అనుకున్నాడు. ఆ కాగితంలో పదమూడో అంకే లేదు.

రాత్రి కంచం ముందు కూర్చున్నాడు గాని ముద్ద ఎత్తలేదు. అవ్వ చూసింది.

"ఏమైందిరా? ఎవురన్నా కొట్టినారా?"

"లేదవ్వా. సచ్చిపోయినా."

చెడుగుడులో ఔటయితే ఆ ఊళ్లో అట్లాగే అంటారు. అవ్వకు తెలుసు.

"సస్తే ఏమి? బతికిచ్చేటోళ్లు లేరా?"

"బళ్లో బతికిచ్చేది లేదు. పన్నెండు మందిని తీసుకుంటారు. తక్కినోళ్లు మళ్లీ లోపలికి పోకూడదంట."

అవ్వ చేతిలో చెంబు కింద పెట్టింది. "మా అన్నోళ్లు యేట్లో ఆడుతుంటే నేను గట్టు మీద కూచోని చూసేదాన్ని. మనోడు అవతలోణ్ణి కొట్టొచ్చినాడంటే, మనలో సచ్చినోడు ఒకడు లేసి లోపలికి పొయ్యేటోడు. అది లేకుంటే చెడుగుడు యాడిదిరా? సచ్చినోళ్లంతా సచ్చినట్టే కూచుంటే ఇంగ ఆట యాడుంటాది?"

పిల్లవాడు జవాబు చెప్పలేదు. ముద్ద మాత్రం ఎత్తాడు.

తెల్లవారి వాడు చెరువుకు వెళ్లాడు. ఆ ఏడు చెరువులో చుక్క నీళ్లు లేవు. నెర్రెలు లేని చోటు చూసుకుని, మడమతో నేలను గీరుకుంటూ నాలుగు వైపులా నడిచాడు. నడుమ అడ్డగీత గీశాడు. ఎదురుగా ఎవరూ లేకపోయినా కూత పెట్టుకుంటూ వెళ్లి, ఊపిరి ఆగినచోట వెనక్కి తిరిగాడు. మరునాడు ఇద్దరు వచ్చారు. పది రోజులకు పదిహేడుమంది అయ్యారు. అక్కడ ఎంపికలు లేవు, ఈల లేదు. ఎక్కువమంది వచ్చినరోజు కొందరు గీత పక్కన వరసగా కూర్చునేవారు. ముందు చచ్చినవాడు ముందు బతకాలి, ముందు వచ్చినవాడు ముందు దిగాలి. ఉన్న నియమం అంతే.

మండలం ఆటలు వచ్చాయి. పన్నెండుమందీ వెళ్లారు. రెండోరోజు మధ్యాహ్నానికి ఓడిపోయి వచ్చారు. బనియన్లు ఉతికి ఇస్తే సారు వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇక మళ్లీ వచ్చే ఏడే.

వారం తిరక్కుండానే ఆ పన్నెండుమంది చెరువుకట్ట మీద కనిపించారు. కాసేపు నిలబడి చూశారు. జట్టు నాయకుడు కట్ట దిగివచ్చి అడిగాడు.

"ఏమప్పా, మమ్మల్ని గూడా ఆడిస్తారా?"

"మీరు మమ్మల్ని రానిచ్చినారా?" అన్నారు ఇద్దరు ముగ్గురు ఒకేసారి. అందరూ పిల్లవాడి వైపు తిరిగారు. వాడికి ఆ పన్నెండు పేర్లూ వరసగా గుర్తున్నాయి. సారు ఏ పేరు దగ్గర ఆగి గుటక వేశాడో కూడా గుర్తుంది. వాడు తల వంచి గీతను చూశాడు. వచ్చినవాళ్లను లెక్కపెట్టాడు. ఆ తర్వాత పక్కగీతను కాలితో చెరిపి, నాలుగడుగులు అవతలికి వెళ్లి, మడమతో మళ్లీ గీశాడు.

"రాండి. అయితే చివర కూచోండి. ముందొచ్చినోళ్లు ముందు."

ఆ సాయంత్రం జట్టు నాయకుడు తన వంతు కోసం మట్టిలో చాలాసేపు కూర్చున్నాడు. ఇంకొన్నాళ్లకు, కట్ట మీదనుంచి రోజూ చూస్తున్న ఆడపిల్లలు ఐదుగురు చున్నీలు నడుముకు బిగించుకుని దిగివచ్చారు. వాళ్లనైతే ఎంపికకు కూడా ఎవరూ పిలవలేదు. గీత మళ్లీ జరిగింది.

కార్తీకంలో వానలు పడ్డాయి. ఒక్క రాత్రిలో చెరువులోకి నీళ్లు వచ్చి, గీతలన్నీ మునిగిపోయాయి. తెల్లవారి డ్రిల్లు సారు సున్నం డబ్బా పట్టుకుని గ్రౌండుకు వచ్చేసరికి వేపచెట్టు కింద ఆడామగా కలిసి నలభైమందికి పైగా నిలబడి ఉన్నారు. ముందు ఆ సన్నకాళ్ల పిల్లవాడు.

సారు అందరినీ చూశాడు. పన్నెండుమంది ఎక్కడున్నారా అని వెతికాడు. వాళ్లు ఆ గుంపులోనే అక్కడొకరు ఇక్కడొకరుగా ఉన్నారు.

"ఇంతమంది దిగితే గీతలు చెరిగిపోవట్రా?"

"మళ్లీ గీస్తాం సార్. మాకు అలవాటే."

సారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత సున్నం డబ్బా వాడి చేతికి ఇచ్చాడు.

నీతి: జట్టులో పన్నెండుమందికే చోటు ఉంటుంది. జట్టులో చోటు దొరకనివాడికి మైదానంలో చోటు పోకూడదు.

ఈ నీతిని కబడ్డీకి నేను బయటినుంచి తెచ్చి అతికించలేదు. అది ఆట కడుపులోనే ఉంది. కూతకు వెళ్లినవాడు ఎదుటివాణ్ణి తాకి క్షేమంగా తిరిగివస్తే పాయింటు ఒక్కటే రాదు, తన జట్టులో ఔటై కూర్చున్నవాడొకడు లేచి లోపలికి వస్తాడు. ఎవరు ముందు బయటికి వెళ్లారో వాళ్లే ముందు వస్తారు. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆటగా చేరినప్పుడు కూడా కబడ్డీ ఈ నియమాన్ని వెంట తీసుకెళ్లింది. యేటి ఇసుకలో ఆడినవాళ్లకు తెలిసిన ఈ సంగతి, ఆ ఆటకు జట్టును ఎంచే బడికి తెలియకపోవడం నన్ను బాధపెడుతుంది.

నేనూ ఒకప్పుడు అట్లాంటి వరసలో నిలబడ్డాను. మాది వాలీబాల్. పేర్లు చదవడం అయిపోయాక పుస్తకాల సంచీ వెతుక్కుంటూ కాసేపు అక్కడే తిరిగాను. సంచీ భుజానే ఉంది. ఇంట్లో చెబితే "మంచిదే అయింది, ఇక బుద్ధిగా చదువుకో" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాటతో నాకు ఆట పోయింది, చదువు మీద కొత్తగా ప్రేమా పుట్టలేదు. ఆ వయసు పిల్లలకు ఇంట్లో ఈ మాట ఇప్పటికీ వినబడుతోంది. పదో తరగతి దగ్గరపడితే ఇంకా గట్టిగా వినబడుతోంది.

ఇట్లాంటి పిల్లలను ఓదార్చడానికి మైకేల్ జోర్డాన్ కథ చెప్పడం చాలామందికి అలవాటు. స్కూలు జట్టులోంచి గెంటేస్తే పట్టుదలతో ప్రపంచాన్ని గెలిచాడని చెబుతారు. నిజంగా జరిగింది వేరు, నాకు అదే నచ్చుతుంది. 1978లో అమెరికాలోని విల్మింగ్టన్ పట్టణంలో, లేనీ హైస్కూలులో అతను రెండో ఏడాది విద్యార్థి. పెద్ద జట్టులో చోటు అతనికంటే బాగా పొడుగున్న తోటివాడికి వెళ్లింది. అతన్ని మాత్రం ఎవరూ ఇంటికి పంపలేదు. చిన్నవాళ్ల జట్టు అని అక్కడ ఇంకొకటి ఉంది, దాంట్లో వేశారు. ఆ ఏడంతా అతను మ్యాచ్‌లు ఆడాడు, తర్వాత ఎత్తు పెరిగాడు, మరుసటి ఏడు పెద్ద జట్టులోకి వచ్చాడు. పట్టుదల అతనిదే, సందేహం లేదు. ఆ పట్టుదల చూపించుకోవడానికి రెండో జట్టు అనే చోటు బడి ఇచ్చింది. మన పిల్లలకు పట్టుదల కథ వినిపిస్తాం, రెండో జట్టు పెట్టం. ఆ దేశంలోనే క్రాస్ కంట్రీ పరుగు జట్లు చాలా బడుల్లో వచ్చినవాళ్లందరినీ చేర్చుకుంటాయి. పోటీనాడు ముందు వచ్చినవారి లెక్కే జట్టు లెక్కలోకి వెళుతుంది, వెనక వచ్చినవారు కూడా పరుగు పూర్తి చేస్తారు.

పద్నాలుగేళ్ల వయసులో చేసే ఎంపిక ఎంత ప్రతిభను కొలుస్తుందో, ఎంత ఎముకను కొలుస్తుందో కూడా ఆలోచించాలి. స్కూలు ఆటల పోటీలు అండర్-14, అండర్-17 అని పుట్టిన తేదీని బట్టి నడుస్తాయి. సంవత్సరం మొదట్లో పుట్టినవాడూ చివర్లో పుట్టినవాడూ ఒకే వరసలో నిలబడతారు, ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా. కెనడాలో రోజర్ బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985లో ఐస్ హాకీ కుర్రాళ్ల పుట్టిన నెలలు చూస్తే, జట్లలో మొదటి నెలలవాళ్లే ఎక్కువగా, చివరి నెలలవాళ్లు బాగా తక్కువగా తేలారు. పైగా ఎత్తు ఒక్కసారిగా పెరిగే కాలం ఒకడికి పన్నెండో ఏట వస్తే మరొకడికి పదిహేనో ఏట వస్తుంది. మన ఊళ్లలో ఎడ్ల బండలాగుడు పందేలు పెట్టేవాళ్లు నోరు తెరిచి పళ్లు చూస్తారు. పాలపళ్లవి ఒక విభాగం, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి వేరువేరు విభాగాలు. పాలపళ్ల గిత్త ఆరు పళ్ల ఎద్దుతో సమంగా లాగలేదని దాన్ని పనికిరానిదిగా లెక్కకట్టే రైతు ఉండడు. దానికి మేత పెడతాడు, పళ్లు మారేదాకా చూస్తాడు. పిల్లలకు మేతంటే ఆటే. అయిదు నుంచి పదిహేడేళ్ల వయసువారికి రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పోటీలకు ఎంపికైనవారికి మాత్రమే అని అందులో లేదు.

డ్రిల్లు మాస్టార్ల కష్టం నాకు తెలియనిది కాదు. ఒక్క మనిషి, వందల మంది పిల్లలు, రెండు బంతులు, ఒక నెట్టు. ఆ పైన మండలం ఆటల్లో ఫలితం చూపించాలి. చాలా ప్రైవేటు బడులకైతే గీత గీయడానికి నేలే లేదు. నేల ఉన్న బడుల్లో అయినా తరగతికొక జట్టు కట్టి, శనివారం సాయంత్రాలు తమలో తాము ఆడుకోనివ్వచ్చు. స్కోరు రాయడం, అంపైరుగా నిలబడడం పిల్లలకే నేర్పవచ్చు. ఒకటి మాత్రం మరిచిపోవద్దు: ఎంపిక కానివాడి చేతికి స్కోరు పుస్తకం ఇచ్చి, వాడికీ పని దొరికిందని సంతోషపడకండి. వాడు వచ్చింది ఆడడానికి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఎంపిక జాబితా అతికించిన రోజు, పేరు లేని పిల్లవాడు దాన్ని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చదివి ఇంటికి వస్తాడు. ఆ పూట జోర్డాన్ కథ వద్దు, మార్కుల మాట వద్దు. కంచం ముందు వాడు మౌనంగా ఉంటే ఉండనివ్వండి. మరునాడు సాయంత్రం వెలుతురు ఉండగానే వాణ్ణి వెంటబెట్టుకుని ఊరి చివర ఖాళీ స్థలందాకా నడవండి. అక్కడ ఎవరో ఒకరు ఆడుతూనే ఉంటారు. చెప్పులు గట్టు మీద విడిచి వాడు దిగేదాకా నిలబడండి.