కారణం తెలియకముందు

ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక సీనియర్ హార్డ్ డిస్కులో నీల్ యంగ్ ‘హార్వెస్ట్’ (1972) దొరికింది నాకు. గిటారు, మౌతార్గాన్, కాస్త వణికే సన్నటి గొంతు. ఆ గొంతు కోసమే ఆయన ఆల్బమ్‌లన్నీ వరసపెట్టి వింటూపోయి, 1982 నాటి ‘ట్రాన్స్’ దగ్గర ఆగిపోయాను. తొమ్మిది పాటల్లో ఆరింటిలో ఆ గొంతు లేదు. దాని బదులు ఏదో యంత్రం పాడుతోంది. “ముసలాయనకి కొత్త బొమ్మ దొరికింది” అని ఫ్రెండ్స్‌కి మెసేజ్ పెట్టి నవ్వుకున్నాను. అప్పటికి ఆయనకి ముప్ఫై ఏడేళ్ళు. ఇప్పుడు నా వయసూ దాదాపు అంతే.

నాకన్నా ముందే కోపం తెచ్చుకున్నవాళ్ళున్నారు. గెఫెన్ రికార్డ్స్‌కి మారాక ఆయన ఇచ్చిన మొదటి ఆల్బమ్ ఇది. ఆ తర్వాతది పాత రాకబిల్లీ పద్ధతిలో వచ్చింది. 1983లో ఆ కంపెనీ ముప్ఫై మూడు లక్షల డాలర్లకి దావా వేసింది. ఈ ఆల్బమ్‌లు అమ్ముడుపోయేవి కావు, ఆయన పాత సంగీతంలా లేవు అని ఫిర్యాదు. అంటే, నీల్ యంగ్‌లా లేడని నీల్ యంగ్ మీద కేసు. చివరికి రాజీ కుదిరిందిగానీ, ఆ ఫిర్యాదులో నా మెసేజ్ కూడా ఉన్నట్టే అనిపిస్తుంది.

అసలు సంగతి చాలామందికి తర్వాతెప్పుడో తెలిసింది. 1978లో పుట్టిన ఆయన కొడుకు బెన్‌కి సెరిబ్రల్ పాల్సీ. మాట రాదు. ఆ రోజుల్లో భార్యాభర్తలిద్దరూ ఇంట్లో రోజూ గంటల తరబడి ఆ పిల్లాడితో వ్యాయామాలు చేయించేవారు. ‘ట్రాన్స్‌ఫార్మర్ మ్యాన్’ పాట బెన్ గురించే: మీట నొక్కి బొమ్మరైలు నడిపే పిల్లాడు. మాటలు సరిగ్గా అర్థం కాకపోవడమే ఈ ఆల్బమ్ విషయమని ఆయనే తర్వాత చెప్పాడు. తండ్రికి కొడుకు అందనట్టే, వినేవాడికి గాయకుడు అందడు.

అది చదివాక వోకోడర్ ఎలా పనిచేస్తుందో వెతికాను. గొంతుని పౌనఃపున్యాల వారీగా ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఎంత శక్తి ఉందో కొలిచి, ఆ కొలతలతో సింథసైజర్ ధ్వనిని మలుస్తుంది. మాట ఆకారం మిగులుతుంది, మనిషి గొంతు పోతుంది. 1930లలో బెల్ ల్యాబ్స్‌లో హోమర్ డడ్లీ దీని మీద పనిచేసింది ఇరుకైన టెలిఫోన్ తీగలోంచి మాటని పంపడం కోసం. ఆ ఇంట్లోనూ సమస్య అదే కదా. చెప్పాల్సింది చాలా ఉంది, తీగ ఇరుకు.

అప్పట్నుంచి ఆ పాట నాకు మరోలా వినిపిస్తోంది. ఇబ్బంది కూడా అక్కడే మొదలైంది. పాట మారలేదు. నాకు ఒక కారణం అందింది, అంతే. కారణం చూపిస్తేనే ఓపిక పడతానా?

రెండేళ్ళ క్రితం మా టీమ్‌లో ఒక కుర్రాడుండేవాడు. మీటింగుల్లో అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబిచ్చేవాడు, కొన్నిసార్లు అదీ ఉండేది కాదు. అప్రైజల్లో ‘కమ్యూనికేషన్ మెరుగుపడాలి’ అని రాశాను. తర్వాత తెలిసింది, అతనికి ఒక చెవి సరిగ్గా వినపడదని. సారీ చెప్పి, “ముందే చెప్పుంటే బావుండేది కదా” అన్నాను. “చెప్పాలనిపించలేదన్నా” అన్నాడు. నా సారీలో కూడా తప్పు అతని మీదకే నెట్టానని ఆ రాత్రి తట్టింది.

అలాగని అర్థంకాని ప్రతిదాన్నీ నెత్తిన పెట్టుకోవాలా? అలాగైతే విమర్శ అనేదే ఉండదు. ‘కంప్యూటర్ కౌబాయ్’ నాకు ఇప్పటికీ ఎక్కదు, బెన్ కథ తెలిసినా సరే. జాలితో మార్కులు వేస్తే అది పాటకీ అవమానం, ఆ పిల్లాడికీ అవమానం. కానీ “నాకు ఎక్కలేదు” అనడం వేరు, “ఇది నువ్వు కాదు” అనడం వేరు. మొదటిది నా చెవి గురించి నేను చెప్పేమాట. రెండోది ఎదుటి మనిషి ఎలా ఉండాలో నేనిచ్చే తీర్పు. కంపెనీ కోర్టుకి తీసుకెళ్ళింది రెండోదాన్నే. నేను అప్రైజల్ ఫారంలో రాసిందీ అదే.

1993 ‘అన్‌ప్లగ్డ్’లో ఆయన ‘ట్రాన్స్‌ఫార్మర్ మ్యాన్’ని యంత్రం లేకుండా, తన మామూలు గొంతుతో పాడాడు. చాలా బావుంటుంది. ఈ ఆల్బమ్ గురించి అడిగినవాళ్ళకి చాన్నాళ్ళు ఆ లింకే పంపేవాణ్ణి. ఈమధ్య మానేశాను. అందులో ఆయనే మన దగ్గరకి నడిచొచ్చాడు, మనం కదలాల్సిన పని లేదు. ఇప్పుడు 1982 నాటిదే పంపుతున్నాను, కథేమీ చెప్పకుండా. ఎక్కువమంది సగంలో ఆపేస్తున్నారు. ఆపేయనీ. ఒకరిద్దరు మాత్రం “ఏమంటున్నాడ్రా ఇతను?” అని తిరిగి అడిగారు.