తల్లి ఏం చేస్తోందట?

కోనసీమలో నీళ్లకి దూరంగా ఉన్న ఇల్లు తక్కువ. గుమ్మం దిగితే బోదె, కాస్త దూరంలో పంటకాలువ, వెనక కొబ్బరితోటలో చెరువు. రెండేళ్ల పిల్లాడు అందులో పడి చనిపోతే ఊరంతా వచ్చి నిలబడుతుంది. అప్పుడు రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "ఆయుష్షు అంతవరకే రాసిపెట్టుంది." రెండోది గొంతు తగ్గించి అనేది: "తల్లి ఏం చేస్తోందట?"

మొదటిది భారాన్ని దేవుడి మీదకి తోస్తుంది, రెండోది తల్లి మీదకి. కానీ రెండూ చేసే పని ఒకటే. ఇక అడగాల్సిందేమీ లేదని తేల్చేస్తాయి.

మరి ప్రభుత్వం అడగదా? అడుగుతుంది. అసహజ మరణమైతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద పోలీసులు శవ పంచనామా చేస్తారు. వాళ్లు చూసేది ఎలా చనిపోయాడు, అనుమానించాల్సింది ఉందా అని. ఇక కేంద్ర ఆరోగ్యశాఖ పిల్లల మరణాల సమీక్షకి 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఐదేళ్లలోపు బిడ్డ పోతే ఆ సంగతి పైకి తెలియాలి, ఇంటికొచ్చి వివరాలు రాసుకోవాలి, జిల్లా స్థాయిలో చర్చించాలి. అందులో ప్రశ్నలు ఎక్కువగా జబ్బు చుట్టూ, వైద్యం అందడంలో ఆలస్యం చుట్టూ తిరుగుతాయి.

ఈ రెంటికీ మధ్య ఒక ప్రశ్న జారిపోతోంది. ఆ బిడ్డని ఎవరూ కనిపెట్టుకుని లేని ఆ గంట ఎలా వచ్చింది? పోయింది దెబ్బలు తిన్న బిడ్డయితే, ఆ దెబ్బలు అంతకుముందు ఎవరెవరి కంటపడ్డాయి?

ఇలాంటి ప్రశ్న అడగడం మనకి కొత్తేమీ కాదు. 2014 జూన్ 27న తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్ల ఆయుష్షు అంతేనని ఎవరూ ఊరుకోలేదు. విచారణ, నిప్పు ఎక్కడ అంటుకుందన్న దగ్గర ఆగకుండా పైపు ఎందుకు తుప్పు పట్టిందన్న దాకా వెళ్లింది. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పంపారని తేలింది. వాసన వస్తోందని ముందే చెప్పామన్నారు ఊరివాళ్లు. ఇనప గొట్టం గురించి అడిగినన్ని ప్రశ్నలు పసిబిడ్డ గురించి ఎందుకు అడగం? పిల్లలు ఒక్కొక్కరుగా, వేర్వేరు ఇళ్లలో పోతారు కాబట్టేమో.

2000 ఫిబ్రవరిలో లండన్‌లో విక్టోరియా క్లింబియే అనే 8 ఏళ్ల పాప చిత్రహింసలతో చనిపోయింది. హింసించిన ఇద్దరికీ యావజ్జీవం పడింది. మనమైతే న్యాయం జరిగిందనుకునేవాళ్లం. అక్కడ లార్డ్ లామింగ్ ఆధ్వర్యంలో వేరే విచారణ నడిచింది. ఆ పాపని కాపాడగలిగిన సందర్భాలు 12 వచ్చాయని, అన్నీ చేజారాయని 2003లో నివేదిక చెప్పింది. ఆస్పత్రి, పోలీసులు, సంక్షేమ సిబ్బంది అందరూ ఆ పాపని చూసినవాళ్లే. ఎవరు చంపారో కోర్టు చెప్పింది. ఎవరు కాపాడలేకపోయారో నివేదిక చెప్పింది.

సరే, ఇళ్లలోకి సర్కారు తొంగిచూడటం మంచిదేనా? ఈ భయం ఉత్తిది కాదు. సర్కారు తొంగిచూసేది ముందు పేదవాళ్ల ఇళ్లలోకే. రాజోలు పక్క పల్లెల నుంచి ఎందరో ఆడవాళ్లు కువైట్ వెళ్లి పరాయి పిల్లల్ని పెంచుతారు, సొంత పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. ఆ ఇంట్లో ఏదైనా జరిగితే "నిర్లక్ష్యం" అనే మాట ఎవరికి అంటుకుంటుందో చెప్పక్కర్లేదు. సమీక్ష ఇంకో కేసు ఫైలుగా మారితే ఎవరూ నిజం చెప్పరు. కావాలని హింసించినవాళ్ల సంగతి పోలీసులు చూడాల్సిందే. సమీక్ష మాత్రం శిక్ష కోసం కాదు, రేపటి బిడ్డ కోసం.

పక్కనున్న బంగ్లాదేశ్‌ని చూడండి. అదీ నీళ్ల దేశమే. పిల్లలు ఎక్కడ, ఏ వేళప్పుడు మునుగుతున్నారో అక్కడ ఓపిగ్గా లెక్క తీశారు. ఎక్కువగా ఇంటి దగ్గరే, పొద్దుటి పూట, తల్లులు పనిలో ఉన్నప్పుడు. తల్లుల్ని తిట్టి ఊరుకోకుండా ఆ గంటల్లో పిల్లల్ని చూసుకునే కేంద్రాలు ఊళ్లల్లో పెట్టారు. వాటిలో ఉన్న పిల్లల్లో మునిగి చనిపోవడం బాగా తగ్గింది.

అక్కడ అడిగిన ప్రశ్న మన కాలువ గట్టు మీద వినిపించేదే. తల్లి ఏం చేస్తోందట? నాట్లు వేస్తోంది. రొయ్యల షెడ్డులో నిలబడి తలలు ఒలుస్తోంది. లేదా మొగుడి దెబ్బలకి లేవలేక పడుకుంది, ఆ ఏడుపు పక్కింటివాళ్లకి వినపడుతూనే ఉంది. ప్రశ్నలో తప్పు లేదు. జవాబు వినేదాకా మనం అక్కడ నిలబడం, అంతే. నిలబడితే తర్వాతి ప్రశ్న మన దగ్గరికే వస్తుంది: మరి నువ్వేం చేస్తున్నావు?