ఒక్కని సంపాదన, ఇంటిల్లిపాది పొదుపు

రేపటి కొరకు దాచుట ధర్మమా, కాదా యను ప్రశ్న గృహస్థులకు క్రొత్తది గాదు. అయినను బసవేశ్వరుని మార్గమును నమ్మిన ఇంటికి ఇది ఇతరులకన్న కొంత కఠినమైన ప్రశ్న. రేపటికని వేరుగా మూటగట్టుటను శరణులు గర్హించిరి. కాయకముచే లభించినది దాసోహమునకు వినియోగపడవలెను; ప్రసాదముగా మిగిలిన దానిని ఇంటివారు గ్రహింపవలెను. వినుటకిది ఇంపుగనే యున్నది. కాని నెలకొక్క జీతము వచ్చి, దాని మీద ఆరుగురు బ్రతుకు ఇంటిలో, సంపాదించు మనిషి మంచము పట్టిన మరునాడు ఎసటిలో పోయుటకు గింజ యెక్కడిది? శరణులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. వారిలో పలువురు రెక్కాడినగాని డొక్కాడని వృత్తులవారే.

రాజమహేంద్రవరము నుండి గోకవరము పోవు దారిలో, సుమారు 20 కిలోమీటర్ల దూరమున కోరుకొండ యున్నది. కొండ మీద లక్ష్మీనరసింహస్వామి, క్రింద బజారు, చుట్టును మెట్ట సీమ. దక్షిణమున 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట నీటితో పండు డెల్టా. డెల్టా రైతునకు కాలువ కలదు. మెట్టవాడు మబ్బు వైపు చూచును. ఒక్క జీతపు ఇల్లు ఎక్కడ నున్నను మెట్టపొలము వంటిదే. బడిపంతులు కానిండు, దుకాణమున గుమాస్తా కానిండు, ఆటో నడుపువాడు కానిండు, శివాలయమున అర్చన చేయు జంగమదేవర కానిండు, ఆ ఇంటి ఆధారమంతయు ఒక్క మబ్బు మీదనే. ఆ మబ్బు కురియని నెలకు ఏమి చేయవలెనన్నది వేదాంతచర్చ గాదు.

ఇందులకు సూటియైన సమాధానము ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథలో కలదు. అమరేశ్వరము నుండి కల్యాణమునకు వచ్చిన ఆ దంపతులకు ఆస్తి లేదు. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యము వండి, జంగములకు అర్పించి, పిమ్మట తాము ప్రసాదము గైకొనుట వారి నిత్యకృత్యము. ఒకనాడు మారయ్య ఎన్నడును లేనంత బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత యెందులకని నిలదీసి, మిగులును తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను మరల పంపెను.

ఈ కథ చెప్పువారు లక్కమ్మకు ఆశ లేకపోవుటను కొనియాడి ఊరకుందురు. అంతకన్న ముఖ్యమైనది ఆమెకు కొలత తెలియుట. ఎంత బియ్యమైన ఎందరికి చాలునో ఆమె చేతికి తెలియును. తెచ్చుటను ఆమె నిషేధింపలేదు. నిన్న తెచ్చెను, నేడు తెచ్చెను, రేపును తేవలసినదే. కొలత మీరిన గింజ మరియొకరి చేటలోనికి పోవలసినదని ఆమె భావము కాబోలు. ఇక ఈ కథలో చాలమంది చూడని విషయ మొకటి కలదు. గింజలు ఏరి తెచ్చినవాడు మారయ్య. ఇది చాలును, ఇది ఎక్కువ అని తీర్పు చెప్పినది లక్కమ్మ. సంపాదించిన చేతికే లెక్క చెప్పు అధికారము కూడ ఉండవలెనని ఆ ఇంట ఎవరును అనుకొనలేదు. పన్నెండవ శతాబ్దపు ఆ పూరిపాకలో నడచిన పద్ధతి నేటి మేడలలో ఎన్నింట నడచుచున్నదో ఎవరికి వారు చూచుకొనవచ్చును.

కొలత యన్నప్పుడు విత్తనపు వడ్ల మాట రాక తప్పదు. వరివెంటితో చుట్టిన పురిలో ధాన్యము పోయునపుడే రైతు విత్తనమునకు వేరుగా తీసి పెట్టును. ఇంట పస్తులున్నను దాని జోలికి పోడు. దానిని లోభమని యెవరును అనరు, అది రాబోవు ఏటి కాయకము గనుక. ఆటో నడుపువాడు టైరు మార్చుటకు దాచినది, దర్జీ మిషను మరమ్మతునకు దాచినది, తల్లిదండ్రులు బిడ్డ చదువునకు దాచినది, జ్వరము వచ్చిన నెలకు దాచినది ఈ జాతిలోనివే. నాలుగేండ్లకు సరిపడు విత్తనమును పురిలో పోసి, పొరుగువాని చేను బీడుపడుచుండగా చూచుచు కూర్చున్నవాని సంగతి వేరు. శరణులు గర్హించిన మూట అది.

అసలు చిక్కు ఇంటి లోపల నున్నది. నెలకు 20,000 రూపాయలు వచ్చు ఇంటిని ఊహింతము. అద్దె 4,000, బియ్యము పప్పు నూనె కూరలకు 7,000, బడి ఫీజులకు 3,000, కరెంటు గ్యాసు ఫోనులకు 2,000, మందులకు 1,000, పెట్రోలునకు 1,000 పోగా 2,000 మిగులును. ఆ 2,000 బ్యాంకున పడినదని ఇంటి యజమాని సంతోషించును. ఆ మిగులు ఎక్కడ తగ్గించుటచే వచ్చినది? హోటలు కాఫీ, సిగరెట్టు మానుటచే వచ్చినచో ఒక మాట. ఇల్లాలు పాలు పోసికొనుట మానుటచే, నడుము నొప్పికి మందు వాయిదా వేయుటచే, అందరును తినిన పిమ్మట అడుగంటిన అన్నముతో సరిపెట్టుకొనుటచే వచ్చినచో అది వేరొక మాట. రెండు మిగుళ్లును పాసుపుస్తకములో ఒకే తీరుగ కనబడును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగము మందికి పైగా రక్తహీనత గలవారని తేలినది. దీనికి కారణములు పెక్కు. చివరి బంతిలో కూర్చుండు ఆచారము వానిలో నొకటి కాదని చెప్పగలవారు అరుదు. ఒకరి పళ్లెము నుండి తీసి దాచినదానిని పొదుపు అనుట భాషకే అన్యాయము.

ఇందుండియే పోపులపెట్టె ధనము పుట్టినది. ఆవాల అడుగున, బియ్యపు డబ్బాలో, చీర మడతలలో ఇల్లాలు దాచు సొమ్ము భర్తకు తెలియదు. ఇది దొంగతనమా? 2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1,000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటింపబడగా, దేశమంతట ఆ మూటలు ఒక్కసారిగా బయటపడవలసి వచ్చెను. డిసెంబరు 30లోగా బ్యాంకులో వేయవలెను. 2,50,000 రూపాయల లోపు గృహిణుల సొమ్మును ప్రశ్నింపమని ప్రభుత్వము చెప్పవలసి వచ్చెను. ఏండ్ల తరబడి దాచినదంతయు భర్త చేతిలో పెట్టి, దానికి సంజాయిషీ చెప్పుకొనిన స్త్రీ లెందరో. కాని ఇంటిలో అడిగిన హక్కు దొరకని చోట రహస్యము పుట్టును. తప్పు పోపులపెట్టెది గాదు. బసవేశ్వరుడు స్వయముగ బిజ్జలుని భండారమును చూచినవాడు. రాజధనమును జంగములకు ఖర్చుపెట్టెనని కొండెములు చెప్పగా, లెక్క చూచినపుడు సొమ్ము తరుగలేదని బసవపురాణ కథ. మహిమ మాట అటుంచి, లెక్క అందరి యెదుట విప్పుటకు ఆయన జంకలేదు. ఇంటి లెక్కల పుస్తకము ఇద్దరి చేతివ్రాతతో నిండిన చోట రహస్యపు మూట పని లేదు.

దాచు చోటును గూర్చియు యోచింపవలెను. తపాలా పొదుపుబ్యాంకు 1882 నుండి ఈ దేశమున నున్నది. బ్యాంకు జమలకు బీమా పరిమితిని 2020లో లక్ష నుండి 5 లక్షలకు పెంచిరి. వీనిలో ధర్మసందేహ మేమియు లేదు. సందేహము చీటీపాటలో కలదు. 20 మంది నెలకు 1,000 చొప్పున 20,000 చీటీ వేసిరనుకొందము. రెండవ నెలలో ఒకరు 4,000 తగ్గించి పాడి, 16,000కే ఎత్తుకొనిరి. నిర్వాహకుని కమీషను 1,000 పోగా 3,000 మిగులును. తలకు 150 చొప్పున అందరికిని కలిసివచ్చును. చీటీ చివర ఎత్తువాడు లాభపడితినని పొంగును. కాని రెండవ నెలలోనే 4,000 వదులుకొని పాడినవాడు ఏల పాడెను? వాని ఇంట ఎవరో ఆసుపత్రిలో నుండిరేమో. నిరీక్షింపగలిగినవానికి వచ్చిన 150లో నిరీక్షింపలేనివాని కష్టము పాలున్నది. చట్టమునకు ఇందు ఆక్షేపణ లేదు. 1982 నాటి చీటీల చట్టము క్రింద నమోదైనది చాలును. శరణమార్గమున నడచువాడు మాత్రము పాడినవాని ఇంటి సంగతి ఒక్కమారు విచారింపవలెను. పాట లేక, అవసరము గలవారికి ముందు ఇచ్చు చీటీలు ఎరిగినవారి మధ్య నడపుట అసాధ్యము గాదు.

సరియైన చోట నుండి తీసిన పొదుపునకు తెలుగునాట ఒక గొప్ప నిదర్శనము కలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణముపై తిరుగబడిరి. ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధింపబడెను. సారాకు పోవు డబ్బులో రోజుకొక రూపాయి దాచుకొనుటకు ఆ జిల్లాలోనే పొదుపులక్ష్మి సంఘములు వెలసెను. ఆ రూపాయి బిడ్డ పాల నుండి తీసినది గాదు. తరువాతి కాలమున కొన్నిచోట్ల పొదుపు వెనుకబడి అప్పు ముందునకు వచ్చినది. సూక్ష్మఋణ సంస్థల వసూళ్ల ఒత్తిడికి అడ్డుకట్ట వేయుటకు 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. అప్పు పుట్టుటకే పొదుపు చేయువాడు విత్తనము చూపి ధాన్యము అప్పు తెచ్చుకొనువాని వంటివాడు.

మిగిలినది దాసోహము. ఫాల్గుణ మాసమున కొండ మీది స్వామి కల్యాణమునకు కోరుకొండలో తీర్థము జరుగును. కొలుచు దైవము వేరైనను ఊరి తీర్థము ఊరందరిది, చుట్టములు వచ్చెదరు. ఆ వారము ఖర్చు చూచి, వచ్చే నెల నుండి ఎవరిని పిలువరాదని తీర్మానించు ఇండ్లు కలవు. అదే ఇంటిలో పెండ్లికి పందిరి, భోజనములు, వీడియోల కొరకు మూడేండ్ల పొదుపు మూడు గంటలలో కరగుటకు అభ్యంతరము కనబడదు. లెక్కల పుస్తకములో మొదట కొట్టివేయబడునది అతిథి పేరు; చివర వరకు నిలుచునది ఆడంబరము. లక్కమ్మ ఏరిన బియ్యములోనుండియే జంగములకు పెట్టెను గాని, ముందు దాచి పిమ్మట పెట్టుదుననలేదు. ఒక్క జీతపు ఇంటికి పెద్ద దాసోహము అక్కరలేదు. వండునపుడు రోజుకొక పిడికెడు బియ్యము వేరొక కుండలో వేసిన చాలును. నెల తిరుగునప్పటికి ఒక అతిథికి అనేక పూటల భోజన మగును.

అన్నిటికన్న కష్టమైన సందర్భ మొకటి మిగిలినది. బిడ్డ ఫీజునకని దాచిన 10,000 ఇంట నున్నవి. రాత్రి పొరుగువాడు వచ్చి, తల్లిని రాజమహేంద్రవరము ఆసుపత్రికి తీసికొనిపోవలెను, డబ్బు కావలెనని నిలిచెను. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకములు శస్త్రచికిత్స ఖర్చు మోసినను, ఆటో కిరాయి, తోడున్నవారి తిండి, పోయిన కూలి దినములు ఆ ఇంటి మీదనే పడును. విత్తనమును పొరుగువాని ఆకలికి పెట్టవచ్చునా? పెట్టినచో బిడ్డ బడికి ఏమి చెప్పవలెను? గృహస్థుడు అంతయు ఇచ్చివేసిన గొప్పవాడగును; అదియు ఒక ఆడంబరమే కావచ్చును, ఎందుకనగా ఫీజు కొరకు మరునాడు గాజులు తాకట్టు పెట్టునది ఇల్లాలు. అతడు ముందుగ లోనికి పోయి ఆమె నడుగవలెను. కొలత తెలిసిన చేయి ఆమెది. ఆమె 4,000 అన్నచో నాలుగువేలు, వడ్డీ మాట లేకుండ, తిరిగి యిచ్చు తేది యడుగకుండ ఇచ్చి, వీలైనచో తానును ఆటో ఎక్కి ఆసుపత్రి వరకు వెళ్లవలెను.