అడవికి అతిథులము

వేకువ జామున అడవిలో దుప్పినో, కొండ గోరువంకనో చూడవలెనని కాచియుండువాడు కొన్ని నియమములను పాటించును. గట్టిగా మాటలాడడు. గాలి వాటము చూచుకొని నిలుచును. జంతువు తల యెత్తినచో కదలక ఆగిపోవును. ఇది దాని యిల్లు, నేను అతిథిని అని అతని నడకయే చెప్పుచుండును. ఈ మర్యాద మెచ్చదగినదే. అయితే ప్రియ చదువరీ, ఆ అడవిలోనే కాపురముండు మనుష్యునికి మనము ఈపాటి మర్యాదనైనను చూపుచున్నామా?

బస్తరు సీమలోని కాంగేర్ లోయ 1982లో జాతీయ ఉద్యానవనముగా ప్రకటింపబడెను. అచటి తీరథ్‌గఢ్ జలపాతమును, కుటుంసర్ గుహను చూచుటకు అనేకులు వెళ్లుచుందురు. అదే సీమలో, సుక్మా జిల్లాయందు, జగర్గుండా అను గ్రామము కలదు. అది ఒకప్పుడు అడవి ఫలసాయము అమ్ముడుపోవు సంతయూరు. 2005లో సల్వాజుడుం మొదలైన పిమ్మట అది ముళ్లకంచె నడుమ శిబిరమాయెను. మావోయిస్టులకును సాయుధ బలగములకును మధ్య నలిగిన ఆ జనులకు, తరతరములుగా తాము ఇప్పపూవు ఏరుకొనిన అడవియే భయస్థానమాయెను. గిరిజన యువకుల చేతికి తుపాకులిచ్చి పోరుకు పంపుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పెను. అప్పటికే వేలమంది ఇండ్లు విడిచి, అడవి దారులవెంట ఖమ్మము, వరంగల్లు ప్రాంతములకు వచ్చి చేరియుండిరి. వారినే మనము గుత్తికోయలని పిలుచుచున్నాము.

వారు బ్రదుకుటకై పోడు కొట్టిరి. చెట్లు కూలెను. అడవి తరిగినకొలది మృగములకు నీడయు తరుగును. ఇదియు సత్యమే, దానిని మరుగుపరచుట న్యాయము కాదు. అయినను ఒక సంగతి ఆలోచింపుడు. కార్చిచ్చుకు బెదరి పులి మన తోటలోనికి వచ్చినయెడల, పాపము, దాని చోటు పోయినదని జాలిపడుదుము. తుపాకికి బెదరి మనుష్యుడు వచ్చినయెడల, వీడు ఆక్రమణదారుడని అందుము. పులినిగూర్చి అడిగిన ప్రశ్నను మనుష్యునిగూర్చి ఏల అడుగము?

చట్టము సైతము వానికి సులభముగా ఆశ్రయమీయదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవిబిడ్డలకు అన్యాయము జరిగినదని ఒప్పుకొనెను. కాని 2005 డిసెంబరు 13 నాటికి ముందే సాగులోనున్న భూమికే హక్కు కల్పించెను. ఆ దినము తరువాత ప్రాణభీతితో పారిపోయి వచ్చినవానికి, వచ్చిన చోట హక్కు లేదు; విడిచిన చోట నిలువ నీడ లేదు.

అట్లయిన అడవికి వినోదమునకై వెళ్లుటయే తప్పా? కాదు. పచ్చదనమును చూచి మనస్సు సేదదీరుట మంచిదే. అయితే టిక్కెట్టు కొని కిన్నెరసాని అభయారణ్యమునకు వెళ్లి సాయంకాలమునకు ఇల్లు చేరు మనకు ఆ అడవి ఒక దినపు సంతోషము. వానికి అది పొయ్యిలోని కట్టె, కుండలోని గంజి. ఈ భేదమును మరువకుందుము గాక. గూడెములో ఫోటో తీయుటకు ముందు అనుమతి అడుగుదము. దారి చూపినవానికి తగిన కూలి ఇత్తము. పోడు నరికినవానిని నిందించుటకు ముందు, నీ ఊరేది, ఏల విడిచితివి అని అడిగి, జవాబు ముగియువరకు విందము.

దుప్పి యెదుట మౌనముగా నిలుచుట నేర్చినవారము మనము. మనుష్యుని యెదుట ఆ మౌనమును పాటించుట అంతకంటె కష్టమా?